ఎవరిని అడిగి సంతకం?

ఆసియాన్ దేశాలు, చైనా, జపాన్, న్యూజిలాండ్ తదితరాల ఉమ్మడి వాణిజ్య ఒప్పందమైన ఆర్‌సెప్‌లో చేరాలన్న వాదన మళ్లీ లేచింది. 2019 నవంబరు 4న బ్యాంకాక్‌లో ప్రధాని మోదీ కాదని వచ్చిన ఒప్పందమే ఇది. చేరే ప్రసక్తే లేదని 2024 సెప్టెంబరులో వాణిజ్య మంత్రి గోయల్ చెప్పారు. కొద్ది వారాలకే, చేరాల్సిందని అప్పటి నీతి ఆయోగ్ సీఈవో సుబ్రహ్మణ్యం బాహాటంగా అన్నారు. ఇందులో ఏది సర్కారు మాటో రైతుకు చెప్పే నాథుడు లేడు.

బయట ఉండిపోతే ఆసియా మార్కెట్లు చేజారతాయని ఎగుమతిదారులు అంటున్నారు. అందులో కొంత నిజం ఉంది. కానీ చేరాలా వద్దా అన్నదానికన్నా ముందు తేలాల్సింది ఒకటుంది. ఎవరిని అడిగి చేరతారు?

విదేశీ ఒప్పందాలు కేంద్ర జాబితాలో 14వ అంశం. వ్యవసాయం రాష్ట్ర జాబితాలో 14వ అంశం. సంతకం ఢిల్లీది, దెబ్బ ఊరిది. ముందుగా పార్లమెంటు ఆమోదం పొందాలన్న నిబంధన కూడా లేదు. 2017 జులైలో ఈ చర్చలు హైదరాబాద్‌లోనే జరిగాయి. రైతు సంఘాలు బయట నినదిస్తుంటే లోపల ముసాయిదాను గుట్టుగా దాచారు.

అడగకపోతే ఏమవుతుందో పత్తి రైతుకు తెలుసు. రైతుల విషయంలో రాజీపడబోనని 2025 ఆగస్టు 7న ప్రధాని ప్రకటించారు. పక్షం రోజులు తిరగకముందే విదేశీ పత్తిపై 11 శాతం సుంకం ఎత్తేశారు. సెప్టెంబరు నెలాఖరు దాకానే అన్న మినహాయింపు డిసెంబరు నెలాఖరుకు సాగింది. సరిగ్గా మన చేలల్లో పత్తి ఏరే నెలలవి! చిట్యాల, చండూరు రైతు సీసీఐ (భారత పత్తి సంస్థ) కేంద్రంలో అమ్మాలంటే యాప్‌లో స్లాట్ దొరకాలి, తేమ 12 శాతం దాటకూడదు. దాటితే దళారి చెప్పిందే ధర. మన పత్తికి ఇన్ని షరతులు పెట్టి, ఓడ దిగిన బేళ్లకు సుంకం మాఫీ చేశారు. ఎవరిని అడిగారు?

పామాయిల్‌దీ ఇదే కథ. ఆయిల్‌పామ్ వేయండని పాలమూరు రైతును ఏళ్లుగా ప్రోత్సహిస్తున్నారు. మొక్క నాటాక గెల కోతకు రావడానికి మూడు నాలుగేళ్లు. ఈలోగా 2025 మే చివరలో ముడి పామాయిల్‌పై మూల సుంకాన్ని 20 నుంచి 10 శాతానికి తగ్గించారు. గుంతలు తీసినవాడిని ఒక్క మాటైనా అడిగారా?

కాంగ్రెస్‌కూ వేలెత్తే అర్హత అంతంతే. ఆగ్నేయాసియా దేశాల కూటమితో 2009లో కుదిరిన ఆసియాన్ ఒప్పందం యూపీఏ సంతకమే. 2012లో ఆర్‌సెప్ చర్చలకు వెళ్లిందీ యూపీఏనే. 2019లో దేశం బయటికి రాగానే అది తమ ఘనతేనని అదే పార్టీ చెప్పుకుంది. ఇప్పుడు తెలంగాణ రాష్ట్రం దాని చేతిలోనే ఉంది. శాసనసభలో ఒక పూట ఈ విషయానికి కేటాయిస్తే ఎవరు కాదంటారు?

నల్లగొండ, భువనగిరి, నాగర్‌కర్నూల్ స్థానాలు కాంగ్రెస్‌వి, మహబూబ్‌నగర్ బీజేపీది. న్యూజిలాండ్ పాలపొడికి తలుపు తీస్తే, రెండు గేదెల పాలు సొసైటీలో పోసి పదిహేను రోజుల బిల్లు కోసం చూసే ఇంటికి ఏం గ్యారంటీ? ఈ నలుగురు ఎంపీలు సంతకానికి ముందే లోక్‌సభలో రాతపూర్వకంగా ఈ ప్రశ్న వేయాలి. లేక నోరు తెరవడానికి వాళ్లకూ ఎవరి అనుమతైనా కావాలా?