తాకట్టు విడిపించే పండగ

డిసెంబర్ వచ్చిందంటే విశాఖలో జ్ఞానాపురం నుంచి సీతమ్మధార దాకా ఇళ్ల మీద నక్షత్రాలు వెలుగుతాయి. సెమీ క్రిస్మస్‌లు, క్యారల్స్ రౌండ్లు మొదలవుతాయి. ఏ వేదిక ఎక్కినా ఒకటే మాట, ఆశీర్వాదం. మంచిదే. కానీ క్రిస్మస్ అసలు మాట విమోచన, అంటే విడిపించడం. 1805లో మిషనరీలు దిగి, ఇక్కడే కూర్చుని సువార్తలను తెలుగు చేసిన ఊరికి ఆ మాట మరీ దూరమైపోతోంది.

నిజానికి అది మన ఇళ్లలో ఉన్నదే. పిల్ల ఫీజు కోసం గాజులు తాకట్టు పెడతాం. వడ్డీ పెరిగి, గడువు దాటి, వేలం నోటీసు వస్తుంది. అప్పుడు అన్నయ్య డబ్బు కట్టి, గాజుల్ని చిన్న కవర్లో తెచ్చి చెల్లి చేతిలో పెడతాడు. ‘విడిపించానమ్మా’ అంటాడు. బైబిల్లో లేవీయకాండం 25వ అధ్యాయంలో ఉన్నదీ ఇదే. బీదవాడై పొలం అమ్ముకుంటే దగ్గరి బంధువు వచ్చి విడిపించాలి. విడిపించే హక్కు బంధువుది. అందుకే దేవుడు పశువుల తొట్టిలో పుట్టి మనకు బంధువయ్యాడు. నాకు తెలిసి క్రిస్మస్‌కు ఇంతకంటే గొప్ప అర్థం లేదు.

ఊరికే క్షమిస్తూ పోతే తప్పుకు భయమెక్కడ అంటారు. సువార్తలో పన్నులు వసూలు చేసే జక్కయ్యను చూడండి. అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. ఎప్పుడు? యేసు అతని ఇంట్లో అడుగుపెట్టాక. ముందు కృప, తర్వాతే మార్పు.

అందుకే నా చూపు అడవివరం సెంట్రల్ జైలు వైపు పోతోంది. పండక్కి జైళ్లకు వెళ్లి పాటలు పాడి, కేకులు పంచే సంఘాలున్నాయి. అది చాలదు. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన క్రిమినల్ విచారణ చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షన్ ప్రకారం, ఇంతకుముందు ఏ నేరంలోనూ శిక్ష పడని విచారణ ఖైదీ గరిష్ఠ శిక్షలో మూడో వంతు జైల్లోనే గడిపేస్తే బాండుపై వదలాలి. ఉరి, యావజ్జీవం పడే నేరాలకు, ఒకటికి మించి కేసులున్నవాళ్లకు ఇది వర్తించదు. చట్టం బాగానే ఉంది. కానీ బెయిలొచ్చినా, కోర్టుకు పూచీగా జామీను ఇచ్చే దిక్కులేకే చాలామంది ఆగిపోతున్నారు. ఒకసారి కోర్టు ఆవరణలో ఒక తల్లి, నాలుగు మడతలు పెట్టిన ఆర్డరు కాగితం చేత్తో పట్టుకుని, ‘బెయిలొచ్చింది బాబూ, జామీనుకి ఎవరైనా ఉంటారా?’ అని కనబడినవాళ్లనల్లా అడగడం చూశాను. అందరూ తల అడ్డంగా ఊపి వెళ్లిపోయారు. నేనూ ఆగలేదు. ఆ సిగ్గు ఇంకా పోలేదు.

అతను వాయిదాకి రాకపోతే డబ్బు మనం కట్టాలి కదా అని టెన్షన్. అవును, కట్టాలి. విడిపించడమంటేనే ఎవరో ఒకరు తన చేతి నుంచి కట్టడం. సిలువ మీద జరిగిందని మనం నమ్మేది అదే కదా!

లైటింగ్‌కి చందాలు రాసే పుస్తకంలోనే ఈసారి జామీనుకి నిలబడేవాళ్ల పేర్లూ రాయండి. సంఘానికి ఇద్దరు చాలు. ఇంటి పన్ను రసీదు, ఆధార్ పట్టుకుని 25లోపు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లి, జామీను లేక లోపలున్నవాళ్లు ఎవరని అడగండి. నేనూ వస్తాను.