గణితం డిగ్రీపై తిరుగుతున్న ఆరు ‘నిజాలు’: ఒక ఖండన

ఇంటర్ ఫలితాలు వచ్చాయంటే చాలు, ఒక సందేశం ఫోన్లలో తిరగడం మొదలవుతుంది. లెక్కల డిగ్రీలో చేరాలనుకునే పిల్లల తల్లిదండ్రులను ఉద్దేశించి రాసినది. అందులోని ఆరు మాటలు క్లుప్తంగా ఇవి: జేఈఈ ర్యాంకు లేనివారికి చెప్పుకోదగ్గ చోట గణితం డిగ్రీ దొరకదు. ఇంటర్ లెక్కలే డిగ్రీలో మళ్ళీ వస్తాయి, ఇంటర్‌లో నూటికి నూరు తెచ్చుకున్నవారికి అది ఆటవిడుపు. కొత్త విద్యావిధానంతో మూడేళ్ళ డిగ్రీకి విలువ పోయింది, అయినా దిగులు లేదు, మధ్యలో మానేసినా ఏదో ఒక డిగ్రీ ఇచ్చేస్తారు. రామానుజన్‌కే డిగ్రీ లేదు. దూరవిద్యలో చేసిన గణితం చెల్లదు. ఎలా చేసినా సరే, గణితం డిగ్రీ ఉంటే టీచరు ఉద్యోగం ఖాయం. చివర్లో ‘పదిమందికి పంపండి’ అనే మామూలు విన్నపం.

డిగ్రీ తరగతులకు గణితం చెప్పేవాడిని కాబట్టి ఇది ఏటా నా దగ్గరికి తిరిగి వస్తుంది. భయపెట్టడం గురించి నాకు పేచీ లేదు. భయపడనక్కరలేని చోట భయపెట్టి, జాగ్రత్తపడవలసిన చోట జోకొట్టడం గురించే ఈ ఖండన.

మొదటిది ర్యాంకు మాట. ఐఐటీల్లోని బీటెక్, బీఎస్ గణిత కోర్సులకు జేఈఈ అడ్వాన్స్‌డ్ రాయవలసిందే. దాన్ని పట్టుకుని దేశంలోని గణితం డిగ్రీలన్నిటికీ అదే తలుపు అనడం తప్పు. బెంగళూరులో బీ.మ్యాథ్ నడిపే ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌, చెన్నై శివార్లలోని చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ జేఈఈ ర్యాంకును చూడకుండా సొంత ప్రవేశ పరీక్షలతోనే విద్యార్థులను ఎంచుకుంటూ వచ్చాయి. ఆ పరీక్షల్లో వివరంగా రాయవలసిన జవాబులకు పెద్ద బరువుంది. నిమిషానికో బిట్టు కొట్టే అలవాటు అక్కడ అక్కరకు రాదు. జేఈఈ శిక్షణలో వెనకబడినా ఒక లెక్క మీద గంటసేపు కూర్చోగల పిల్లలకు అవి అనువైన చోట్లు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో అయిదేళ్ళ సమీకృత ఎమ్మెస్సీ ఉంది, దానికి దారి కేంద్రీయ విశ్వవిద్యాలయాల ఉమ్మడి ప్రవేశ పరీక్ష సీయూఈటీ. ఇక తెలంగాణలో దోస్త్ ద్వారా, ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నత విద్యామండలి ఆన్‌లైన్ ప్రవేశాల ద్వారా మామూలు డిగ్రీ కళాశాలల్లో చేరడానికి ఇంటర్‌లో గణితం చదివి ఉత్తీర్ణులైతే చాలు, సీటు మార్కులను బట్టి వస్తుంది.

‘చెప్పుకోదగ్గ చోట’ అన్న మాట వెనక ఇంకో చిన్నచూపు ఉంది: మన విశ్వవిద్యాలయాల్లో చదివితే ఏమొస్తుందని. సి.ఆర్. రావు గారు 1940లో గణితంలో ఎంఏ చేసింది ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనే. తర్వాత ఉద్యోగం కోసం కలకత్తా వెళ్ళి అక్కడ సంఖ్యాకశాస్త్రంలో పడ్డారు. క్రామర్–రావు అవధిగా ఇవాళ ప్రపంచమంతా చదువుకునే ఫలితం 1945 నాటి ఆయన వ్యాసంలోది. అప్పటికి ఆయన వయసు పాతికేళ్ళు. అందరూ సి.ఆర్. రావులు అవుతారని చెప్పడం లేదు. చేరిన కళాశాల పేరు చూసి ముందే తీర్పు చెప్పేయడం సరికాదంటున్నాను.

రెండో మాట దగ్గర కాసేపు ఆగాలి. నష్టమంతా ఇక్కడే జరుగుతుంది.

ఇంటర్ లెక్కలే మళ్ళీ వస్తాయన్న నమ్మకానికి డిగ్రీ తొలి రోజుల్లో బలం దొరుకుతుంది కూడా. కలనం, అవకలన సమీకరణాలు అంటే పాత చుట్టాలే కదా అనిపిస్తుంది. సూత్రం, పద్ధతి, జవాబు అనే వరుస ఇంకా పనిచేస్తూనే ఉంటుంది. రియల్ అనాలిసిస్ దగ్గర అది ఆగిపోతుంది. ఒక ప్రమేయం అవిచ్ఛిన్నం అంటే, చెయ్యి ఎత్తకుండా గ్రాఫు గీయగలగడం అని ఇంటర్‌లో సరిపెట్టుకుంటారు. డిగ్రీలో అడిగేది వేరు. ఎదుటివారు ఎంత చిన్న ఎప్సిలాన్ (ప్రమేయం విలువలో ఒప్పుకునే తేడా) ఇచ్చినా దానికి సరిపడే డెల్టాను (బిందువు నుంచి జరగగల దూరాన్ని) విద్యార్థి చూపించాలి. అది ఉందని నిరూపించాలి కూడా. ఒక్కో బిందువు దగ్గర ఒక్కో డెల్టా దొరికితే ప్రమేయం అవిచ్ఛిన్నం. అన్ని బిందువులకూ ఒకే డెల్టా సరిపోతే ఏకరూప అవిచ్ఛిన్నం. వినడానికి రెండూ ఒకటిలాగే ఉన్నాయి. ఎక్స్ స్క్వేర్ అనే ప్రమేయాన్ని 0 నుంచి 1 వరకు తీసుకుంటే ఒకే డెల్టాతో పని జరిగిపోతుంది. అదే ప్రమేయాన్ని మొత్తం సంఖ్యారేఖ మీద తీసుకుంటే, కుడివైపు జరిగేకొద్దీ వాలు పెరుగుతూ పోయి, ఎంత చిన్న డెల్టా ఎంచుకున్నా ఎక్కడో ఒక చోట అది చాలదు. ఇక్కడ ప్రతిక్షేపించడానికి సూత్రమేమీ లేదు. ‘ప్రతి’ ముందు రావాలా, ‘ఒకే’ ముందు రావాలా అన్నదే మొత్తం లెక్క.

గ్రూప్ థియరీ మరో దెబ్బ. లాగ్రాంజ్ సిద్ధాంతం ప్రకారం, పరిమిత సమూహంలో (గ్రూప్‌లో) ఉపసమూహం పరిమాణం ఎప్పుడూ సమూహ పరిమాణాన్ని నిశ్శేషంగా భాగిస్తుంది. నిరూపణను పిల్లలు చక్కగా ఒప్పజెబుతారు. మరి తిరగేస్తే? 12 మూలకాల సమూహంలో, 6 దాన్ని భాగిస్తుంది కాబట్టి, 6 మూలకాల ఉపసమూహం తప్పక ఉంటుందా? నాలుగు వస్తువుల సరి ప్రస్తారాల (రెండేసి వస్తువుల చోట్లను సరిసంఖ్య సార్లు మారిస్తే వచ్చే అమరికల) సమూహంలో సరిగ్గా 12 మూలకాలున్నాయి, 6 మూలకాల ఉపసమూహం మాత్రం లేదు. ఇంటర్‌లో నూటికి నూరు వచ్చిన పిల్లలు ఈ ప్రశ్న దగ్గర మౌనంగా కూర్చోవడం నేను చాలాసార్లు చూశాను. వాళ్ళకు తెలివి తక్కువై కాదు. ఒక మాట నిజం కాదని చూపించడానికి ఉదాహరణ వెతకడం కూడా లెక్క చేయడమేనని అప్పటిదాకా వాళ్ళకెవరూ చెప్పలేదు.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. ఇదేదీ పట్టకుండానే డిగ్రీ పాసు కావచ్చు. గత అయిదేళ్ళ ప్రశ్నపత్రాలు ముందేసుకుని, మళ్ళీ మళ్ళీ వచ్చే పది పన్నెండు సిద్ధాంతాలు కంఠతా పట్టి, లెక్కలు నమూనా ప్రకారం దింపేస్తే ఉత్తీర్ణత మార్కులు వస్తాయి. ఫస్టు క్లాసు కూడా వస్తుంది. మన పరీక్షల తీరు అది, అందులో మా అధ్యాపకుల వాటా లేదనను. నిబంధనల ప్రకారం డిగ్రీ పొందడం ఒకటి, గణితం రావడం మరొకటి అన్న సంగతి ఎమ్మెస్సీ కోసం ఐఐటీలు నడిపే జామ్ పరీక్షలో కూర్చున్నప్పుడు తెలుస్తుంది. మూడు గంటలు, 60 ప్రశ్నలు, 100 మార్కులు. అందులో 10 ప్రశ్నలకు ఒకటి కంటే ఎక్కువ సరైన జవాబులు ఉండవచ్చు. అన్నీ గుర్తిస్తేనే మార్కులు, సగం గుర్తిస్తే సున్నా. 20 ప్రశ్నలకు ఎంపికలే ఉండవు, సంఖ్య స్వయంగా కనుక్కోవాలి. సిలబస్ దాదాపుగా బీఎస్సీలో చదివినదే. బట్టీ పట్టిన నిరూపణ ఒక్కటీ అక్కడ నోరు విప్పదు.

మూడో మాటలో రెండు అబద్ధాలు ఒకదానినొకటి తన్నుకుంటున్నాయి. మూడేళ్ళ డిగ్రీకే విలువ పోయిందట, కానీ మధ్యలో మానేసినవారికి డిగ్రీ ఇస్తారట! విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2022 డిసెంబరులో ప్రకటించిన చట్రాన్ని చూస్తే లెక్క తేలిపోతుంది. 120 క్రెడిట్లతో (క్రెడిట్ అంటే చదివిన కోర్సుల బరువుకు కొలత) మూడేళ్ళ డిగ్రీ, 160 క్రెడిట్లతో నాలుగేళ్ళ ఆనర్స్ డిగ్రీ. రెండూ ఉన్నాయి, రెండూ చెల్లుతాయి. మూడేళ్ళది చేసినవారు రెండేళ్ళ పీజీ చేస్తారు, నాలుగేళ్ళది చేసినవారికి ఏడాది పీజీకి వీలుంది. ఏడాది చదివి 40 క్రెడిట్లతో ఆగిపోతే ఇచ్చేది సర్టిఫికెట్, రెండేళ్ళకు 80 క్రెడిట్లతో ఆగిపోతే డిప్లొమా. ఏ ఒక్కటీ డిగ్రీ కాదు. పైగా అవి కూడా ఊరికే రావు, వేసవిలో 4 క్రెడిట్ల వృత్తి సంబంధమైన కోర్సో ఇంటర్న్‌షిప్పో పూర్తి చేయాలి. మానేసినవారు మూడేళ్ళలోపు తిరిగి చేరవచ్చు, మొత్తం చదువు ఏడేళ్ళలో ముగించాలి.

ఈ చట్రంలో సందేశం ప్రస్తావించని అంకెలు రెండున్నాయి. గణితం మేజర్‌గా తీసుకుంటే మూడేళ్ళ డిగ్రీలోని 120 క్రెడిట్లలో ప్రధాన సబ్జెక్టుకు కనీసం ఉండవలసినవి 60. అంటే సగమే. మిగతావి మైనర్ (అనుబంధ సబ్జెక్టు), భాషలు, నైపుణ్య కోర్సులు, ఇంటర్న్‌షిప్ వగైరాలకు. కాబట్టి ‘డిగ్రీ మొత్తం లెక్కలే’ అనుకుని చేరేవారు, ‘లెక్కలు ఇంత తక్కువా’ అని నిరాశపడేవారు, ఇద్దరూ ముందే సిలబస్ తెరిచి చూసుకోవడం మంచిది. ఆంధ్రప్రదేశ్‌లో 2023–24లో పాత మూడు సబ్జెక్టుల పద్ధతి పోయి ఒకే మేజర్ పద్ధతి వచ్చింది. అలాంటి పద్ధతిలో మేజర్ గణితమా, లేక ఫిజిక్సు మేజరుకు మైనరుగా గణితమా అన్నది పెద్ద తేడా.

రెండో అంకె 75. నాలుగో ఏడాది పరిశోధనతో కూడిన ఆనర్స్ చేయాలంటే మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం మార్కులుండాలి. నాలుగేళ్ళ డిగ్రీతో, పీజీ లేకుండా, నేరుగా పీహెచ్‌డీకి వెళ్ళాలన్నా అర్హత మార్కు 75 శాతమే (రిజర్వేషన్ వర్గాలకు 5 శాతం సడలింపు). మొదటి సెమిస్టరులో అశ్రద్ధ చేసినవారికి ఇది మూడో ఏడాది చివర గుర్తొస్తుంది. భయపెట్టాలనుకునేవారు దీని గురించి రాసి ఉంటే నేను కూడా పదిమందికి పంపేవాడిని.

ఇక రామానుజన్. డిగ్రీ లేదన్నది పూర్తి నిజం కాదు. ఆయన కుంభకోణంలో ఎఫ్.ఏ. (ఇవాళ్టి ఇంటర్ లాంటిది) చదువుతూ లెక్కలు తప్ప మరేదీ పట్టించుకోక ఉపకార వేతనం పోగొట్టుకున్నారు. తర్వాత మద్రాసు పచ్చయప్ప కళాశాలలో చేరి, 1907లో ఎఫ్.ఏ. పరీక్ష తప్పారు. దానితో డిగ్రీ దారి మూసుకుపోయింది. ఫలితం ఏమిటి? 1912లో మద్రాసు పోర్టు ట్రస్టులో నెలకు 30 రూపాయల గుమాస్తా ఉద్యోగం. మరుసటి ఏడు మద్రాసు విశ్వవిద్యాలయం అర్హతలను పక్కన పెట్టి నెలకు 75 రూపాయల పరిశోధక వేతనం ఇచ్చింది. 1914లో కేంబ్రిడ్జి కూడా కావలసిన అర్హతలు లేకపోయినా చేర్చుకుంది. 1916 మార్చిలో పరిశోధన ద్వారా బీఏ పట్టా ఇచ్చింది. ఇవాళ్టి పీహెచ్‌డీకి అది ముందు రూపం. ఆ పట్టాకు ఆధారం తనకన్నా చిన్నదైన ఏ సంఖ్యకూ లేనన్ని భాజకాలున్న సంఖ్యల మీద చేసిన సుదీర్ఘ వ్యాసం. 60కి 12 భాజకాలున్నాయి, అంతకన్నా చిన్న సంఖ్య దేనికీ అన్ని లేవు. అలాంటి సంఖ్యలన్న మాట. రామానుజన్ కథ నుంచి ‘డిగ్రీ అనవసరం’ అని తేల్చేవారు, పరీక్ష తప్పాక ఆయన ఉద్యోగాల కోసం తిరిగిన ఏళ్ళను లెక్కలోంచి తీసేస్తున్నారు. ఆయన కోసం రెండు విశ్వవిద్యాలయాలు నిబంధనలు సడలించాయి. మన పిల్లల కోసం సడలిస్తాయని భరోసా ఇచ్చే ధైర్యం ఈ సందేశం రాసినవారికి ఉందా?

దూరవిద్య విషయం రెండు మూడు వాక్యాల్లో తేలిపోతుంది. గుర్తింపు ఉన్న సంస్థ నుంచి దూరవిద్యలోగాని ఆన్‌లైన్‌లోగాని పొందిన డిగ్రీ, మామూలు డిగ్రీతో సమానమని యూజీసీ 2022లో మరోసారి స్పష్టం చేసింది. హైదరాబాదులోని అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982 నుంచి ఉంది, ఇది కొత్త సంగతేమీ కాదు. చూసుకోవలసింది ఆ సంస్థకు, ఆ కోర్సుకు, ఆ సంవత్సరానికి అనుమతి ఉందా లేదా అన్నదే.

చివరి మాట టీచరు ఉద్యోగం. డిగ్రీ ఒక్కటే ఉంటే ప్రభుత్వ పాఠశాలలో గణితం స్కూల్ అసిస్టెంటు ఉద్యోగానికి దరఖాస్తు చేయడం కూడా కుదరదు. బీఈడీ కావాలి, టెట్ పాసవ్వాలి, ఆ తర్వాత డీఎస్సీ రాయాలి. డిగ్రీ కళాశాలలో అధ్యాపకులు కావాలంటే పీజీలో 55 శాతం, దానిపై నెట్ లేదా సెట్ (జాతీయ, రాష్ట్ర స్థాయి అధ్యాపక అర్హత పరీక్షలు) అర్హత, లేకుంటే నిబంధనల ప్రకారం పొందిన పీహెచ్‌డీ ఉండాలి. గణితానికి నెట్ పరీక్ష కామర్స్, చరిత్రలతో పాటు జరిగే యూజీసీ నెట్‌లో ఉండదు. అది సీఎస్ఐఆర్–యూజీసీ నెట్‌లో మ్యాథమెటికల్ సైన్సెస్ పేరుతో ఉంటుంది. నోటిఫికేషన్ వేరు, దరఖాస్తు గడువు వేరు. వేరొక నెట్ ప్రకటన చూసి జాబితాలో తమ సబ్జెక్టు లేదని కంగారుపడి నన్నడిగే పీజీ విద్యార్థులు ప్రతి ఏడూ ఒకరిద్దరైనా ఉంటారు.