చేప పిల్లలకు సర్దుకుపోవడం నేర్పండి

చెరువులో చేప పిల్లలు చచ్చి తేలితే చాలు, అందరూ డ్రైనేజీ మీద పడతారు. వాటి పెంపకం సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. ఇరవై అంతస్తుల అపార్టుమెంటు ఆ చెరువునే నమ్ముకుని బతుకుతుంటే, బొటనవేలంత ప్రాణి ఆ మాత్రం సర్దుకుపోలేదా?

తెలంగాణ ప్రభుత్వం 2016లో చెరువుల్లోకి ఉచితంగా చేప పిల్లలను వదలడం మొదలుపెట్టింది. చిన్నవి 35-40 మిల్లీమీటర్లు, పెద్దవి 80-100. నాయకుడొచ్చి సంచి మూతి విప్పి బొచ్చె, రోహు పిల్లలను నీళ్లలోకి జారవిడుస్తాడు, ఫొటో దిగుతాడు. అవతలి గట్టు దగ్గర పైపులోంచి మనమూ వదులుతుంటాం: గిన్నెలు కడిగిన జిడ్డు, వాషింగ్ మెషిన్ నురగ, బాత్‌రూమ్ యాసిడ్, ఇంకా చెప్పకూడనివి. ఇదీ ఉచిత పంపిణీయే. ఏడాది పొడవునా చేస్తున్నా ఒక్క ఫొటో అయినా పడదు.

పోనీ, వాటి గొంతెమ్మ కోరికలు చూడండి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నీళ్లకు ‘ఎ’ నుంచి ‘ఇ’ దాకా తరగతులు పెట్టింది. చేపలది ‘డి’. అందులోనూ లీటరుకు కనీసం 4 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉండాలట, అమ్మోనియా 1.2 మిల్లీగ్రాములు దాటకూడదట. మన పిల్లలు డి గ్రేడు తెస్తే వీపు విమానం మోత మోగిస్తాం. వీటికి డి గ్రేడుకే ఇన్ని షరతులు!

చెరువు మాత్రం పాపం రెండు షిఫ్టులు చేస్తోంది. మన మురుగునే ఎరువుగా తిని నాచు పచ్చగా అల్లుకుంటుంది. పగలు ఎండలో అది నీళ్లలోని కార్బన్ డయాక్సైడ్‌ను లాగేస్తే క్షారగుణం పెరిగి, అమ్మోనియా విషపు రూపం ఎత్తుతుంది. లేత మొప్పలకు అదే శాపం. రాత్రి డ్యూటీలో ఆ నాచూ, కుళ్లు తినే బ్యాక్టీరియా కలిసి ఆక్సిజన్ ఖాళీ చేస్తాయి. తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. వాకింగ్‌కొచ్చినవాళ్లు ఆకలేమో అనుకుని మరమరాలు వేసి పుణ్యం కట్టుకుంటారు.

ఇక సబ్బు నీళ్లు. మొప్పల మీది జిగట పొరను డిటర్జెంట్ కడిగేస్తుంది. శుభ్రం చేయడమే కదా దాని పని! బండలు తుడిచే మందు సీసా మీదైతే 99.9 శాతం క్రిములను చంపుతుందని పెద్దక్షరాల్లో రాసే ఉంటుంది. చేప పిల్లలకు చదువు రాకపోతే కంపెనీ ఏం చేస్తుంది?

కొర్రమీనును చూసి నేర్చుకోమందాం. ఊరికే రాష్ట్ర చేపను చేయలేదు దాన్ని. నీళ్లను నమ్ముకోకుండా పైకొచ్చి గాలి పీల్చుకుంటుంది. తీరా చూస్తే దాని పిల్లలకూ గాలి పీల్చే అవయవం ఎదిగేదాకా నీళ్లలోని ఆక్సిజనే దిక్కట. ఎర్రటి పిల్లల గుంపు కింద పెద్ద చేపలు కాపలా తిరుగుతూ, దగ్గరికొచ్చిన కప్పను కూడా తరిమేస్తాయి. పైపును ఎలా తరమాలో వాటికి వాళ్లమ్మ చెప్పలేదు.

అయినా ఊపిరి విషయంలో కొర్రమీను పిల్ల మీద హైదరాబాదుకు ఉన్న నమ్మకం వేరు. ఏటా మృగశిర కార్తెకు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో జనం బారులు తీరి, ఉబ్బసం తగ్గుతుందని దాని నోట్లో మందు పెట్టించుకుని, బతికుండగానే మింగుతారు. దానికే ఆయాసమొస్తే ఏం మింగాలో ఎవరూ చెప్పరు. శాకాహారులకు మందు బెల్లంలో పెట్టి ఇస్తారు కాబట్టి, చెరువులోనూ రెండు బస్తాల బెల్లం పోద్దామన్నాను. అది కుళ్లితే ఉన్న ఆక్సిజన్ కూడా పోతుందని మత్స్యశాఖలో పనిచేసే మా బావగారు కసిరారు.