ఒక్క సీజన్ నీటితో తీర్పా?

ఏ రెండు నెలల్లోనో నాలుగు సీసాల నీళ్లు పట్టుకెళ్లి, అఖాతం ఏడాదంతా బాగానే ఉంటుందని నివేదిక రాసేయడం చాలాచోట్ల మామూలైపోయింది. ఆ నివేదిక చూసి తీరంలో పనులకు అనుమతులూ ఇచ్చేస్తున్నారు. దీన్ని మేం ఒప్పుకోం.

నీటిలో తేలుతూ మొక్కల్లా వెలుతురుతో ఆహారం చేసుకునే సూక్ష్మజీవులైన వృక్షప్లవకాలు కంటికి ఆనవు. కానీ భూమ్మీద జరిగే కిరణజన్య సంయోగక్రియలో దాదాపు సగం వాటిదే. అవి కాలంతోపాటు మారిపోతాయి. చల్లని తీరాల్లో శీతాకాలపు గాలులు అడుగునున్న పోషకాలను పైకి కలుపుతాయి. వసంతంలో వెలుతురు పెరగ్గానే వృక్షప్లవకాల్లో ఒక రకమైన డయాటమ్‌లు ఒక్కసారిగా విజృంభిస్తాయి. పెంకు కట్టుకోవడానికి వాడే సిలికా అనే ఖనిజం అయిపోతే తగ్గుముఖం పడతాయి. వేసవిలో పైనీరు వేడెక్కి అడుగునీటితో కలవకపోతే, ఈదగలిగే మరో రకమైన డైనోఫ్లాజెల్లేట్‌లది పైచేయి. రుతుపవనాలున్న చోట నదుల వరద ఈ వరసనే మార్చేస్తుంది. ఇంతకీ మీరు పట్టుకెళ్లిన సీసాలో ఉన్నది ఏ నెల నీరు?

1987 చివర్లో కెనడాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ ద్వీపంలో పెంచిన ఆల్చిప్పలు తిని వంద మందికి పైగా జబ్బుపడ్డారు. ప్రాణాలూ పోయాయి. కారణం సూడో-నిట్షియా అనే డయాటమ్ తయారుచేసిన డొమోయిక్ ఆమ్లం. డయాటమ్‌లో అలాంటి విషం ఉంటుందని అంతవరకు ఎవరూ అనుకోలేదు. అదీ చలి మొదలయ్యాక. వేసవిలో నమూనాలు తీసి చేతులు దులుపుకుంటే అది దొరికేదా?

ఏడాది పొడవునా పరీక్షలంటే ఖర్చు, ఆలస్యం అంటారు. నిజమే. ఉపగ్రహాలు ఉన్నాయిగా అని కూడా అంటారు. అవి నీటి రంగును బట్టి పచ్చదనం ఎంతో చెబుతాయి. అందులో విషపు జాతి ఉందో లేదో తేల్చాలంటే నీటి నమూనా తీసి పరీక్షించాల్సిందే.

మా భయమల్లా ఈ అలవాటు గురించే. ఇవాళ ఒక్క సీజన్ చాలంటే రేపు ఒక్క రోజు చాలంటారు. ఒక అఖాతానికి ఇచ్చిన మినహాయింపును పక్క అఖాతం వాళ్లు ఫైల్లో జతచేసి మరీ అడుగుతారు. అప్పుడు కాదనడానికి ఏం మిగులుతుంది? అమెరికాలోని నారగాన్సెట్ బేలో 1950ల చివరి నుంచి దాదాపు వారం వారం నమూనాలు తీస్తున్నారు. శీతాకాలం, వసంతాల్లో వచ్చే ప్లవకాల పొంగు అక్కడ తగ్గుతోందని తెలిసింది అందుకే. తీయకుండా వదిలేసిన నెలను డబ్బు పోసినా వెనక్కి తేలేం.

సంతకం పెట్టే అధికారులు ముందు నివేదికలో నమూనాలు తీసిన తేదీలు చూడాలి. అన్నీ ఒకే సీజన్‌వి అయితే తిప్పి పంపాలి. ఆ మాత్రం చూడని సంతకానికి రేపు జనం జబ్బుపడితే జవాబు చెప్పాల్సింది మీరే.