బిగుతు ఒక్కటే కారణం కాదు
మరిగే నీటి ఊటల్లో పెరిగే సూక్ష్మజీవుల ఎంజైములు వేడికి చెడిపోకపోవడానికి వాటి నిర్మాణం బిగుతుగా ఉండటమే కారణమని ఈమధ్య చదివిన ఒక వ్యాసంలో తేల్చేశారు. అది కొంతవరకే నిజం. ఇ.కోలై అనే మామూలు బాక్టీరియా కణాల్లో తయారుచేయించిన ఇలాంటి ఒక ఎంజైమును శుద్ధి చేసేటప్పుడు, ఆ కణాలను పగలగొట్టగా వచ్చిన కణసారాన్ని 75 డిగ్రీల సెల్సియస్ వద్ద కొంతసేపు ఉంచితే ఇ.కోలై సొంత ప్రోటీన్లు చాలావరకు ముద్దకట్టి అడుగుకు చేరడం, మాకు కావలసినది పైన తేరిన ద్రవంలో మిగలడం నేను ఎన్నోసార్లు చూశాను. అదే ఎంజైము గది ఉష్ణోగ్రత వద్ద, కదలలేనంత బిగుసుకుపోయినట్టు, బద్ధకంగా పనిచేసేది కనుక, బిగుతు వాదన నాకూ మొదట నచ్చిందని ఒప్పుకోవాలి. అయితే 100 డిగ్రీల వద్ద హాయిగా పెరిగే పైరోకాకస్ ఫ్యూరియోసస్ అనే సూక్ష్మజీవి‌లోని గ్లుటామేట్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైము‌ను గమనిస్తే, దాని ఉపభాగాలు (కలిసి ఎంజైముగా ఏర్పడే విడి ప్రోటీన్ గొలుసులు) కలిసే చోట ధన, రుణ ఆవేశాలున్న అమైనో ఆమ్లాలు వలలా అల్లుకుని కనిపిస్తాయి. సాధారణ ఉష్ణోగ్రతల్లో అలా ధన, రుణ ఆవేశాలు జంట కట్టాలంటే అవి తమను చుట్టుకున్న నీటి అణువులను వదులుకోవాలి, కాబట్టి నికరంగా మిగిలే లాభం స్వల్పం. వేడి పెరిగేకొద్దీ ఆ నష్టం తగ్గుతుంది కనుక ఈ జంటలు అధిక వేడిలోనే ఎక్కువగా అక్కరకు వస్తాయి. మరికొన్ని ఎంజైముల్లో పొట్టి లూపులు (ప్రోటీన్ గొలుసులో వంపు తిరిగే వదులు భాగాలు), ఖాళీలు లేకుండా సర్దుకున్న జలవిరోధి (నీటికి దూరంగా ఉండే) గర్భభాగం వేడిని తట్టుకునే ఈ పని చేస్తాయి. పైగా ఆ పైరోకాకస్‌కే చెందిన రుబ్రెడాక్సిన్ అనే చిన్న ప్రోటీన్‌లో గది ఉష్ణోగ్రత వద్దే మిల్లీసెకన్ల వ్యవధిలో జరిగే కదలికలను హైడ్రోజన్ మార్పిడి ప్రయోగాలు (ప్రోటీన్‌లోని హైడ్రోజన్లు నీటిలోని హైడ్రోజన్లతో ఎంత త్వరగా మారతాయో కొలిచేవి) పట్టుకున్నాయి. స్థిరంగా ఉన్న అణువు కదలనిదే అయి ఉండాలన్న నియమం అక్కడ నిలబడలేదు.