మా అపార్ట్‌మెంట్ కమిటీ వారి దివ్యసముఖానికి

మహారాజశ్రీ మేనేజింగ్ కమిటీ వారికి,

మన బెంగళూరు అపార్ట్‌మెంట్ బి బ్లాక్ నుంచి నమస్కారాలు. టెర్రస్ మీద వడియాలు, ఊరమిరపకాయలు ఆరబెట్టడాన్ని నిషేధిస్తూ మీరు పంపిన మూడో సర్క్యులర్ అందింది. మొదటి దాంట్లో కారణం పావురాలన్నారు. రెండో దాంట్లో ఫైర్ సేఫ్టీ అన్నారు. సగ్గుబియ్యం వడియం ఎండకి భగ్గుమన్న దాఖలా మా గుంటూరులో కూడా లేదు, కానీ మీరు చదువుకున్నవాళ్లు. మూడో దాంట్లో ‘బిల్డింగ్ అందం’ అని రాశారు. పన్నెండో అంతస్తు పైన పరిచిన వడియాల్ని కింద నుంచి చూస్తున్నది ఎవరా అని మా అత్తగారికి ఒకటే టెన్షన్.

గుమ్మం ముందు చెప్పుల స్టాండు వద్దన్నారు, ఒప్పుకుంటాను. మంటలు లేస్తే కారిడార్‌లో దారి ఉండాలి. ముగ్గు కూడా వద్దన్నారు, అది ఆ దారికి ఎలా అడ్డమో మాత్రం అర్థం కాలేదు. పనివాళ్లు, డెలివరీ కుర్రాళ్లు సర్వీస్ లిఫ్టులోనే తిరగాలని మీ రూలు. ఆ లిఫ్టు ఉగాది నుంచి మూలపడి ఉంది. కాబట్టి మోకాళ్ల నొప్పులున్న మా పనావిడ తొమ్మిది అంతస్తులూ మెట్లెక్కి వస్తోంది. ఆవిడ ఎక్కుతుంటే పక్కన మెయిన్ లిఫ్టులోంచి ఓ లాబ్రడార్ దర్జాగా దిగుతుంది. కుక్క మీద నాకేం కోపం లేదు. అది మెయింటెనెన్స్ కట్టే ఇంటి కుక్క.

ఇంతకీ మీకు అప్పజెప్పిన పనేమిటి? కర్ణాటక అపార్ట్‌మెంట్ ఓనర్‌షిప్ చట్టం, 1972 అని ఒకటుంది. లిఫ్టులు, మెట్లు, సంపు, టెర్రస్ వంటి ఉమ్మడి ఆస్తిని చూసుకోవడం, దానికయ్యే ఖర్చును ఓనర్ల దగ్గర వాటాల ప్రకారం వసూలు చేయడం, లెక్క చెప్పడం. స్థూలంగా కమిటీ పని అదే. అద్దెకుండే పెళ్లికాని అమ్మాయిల ఇంటికి రాత్రి పది తర్వాత ఎవరొచ్చారో రిజిస్టర్‌లో రాయించే పని అందులో నాకెక్కడా కనిపించలేదు.

ఉమ్మడి పనుల్లో మీరు శ్రద్ధగా చేసింది ఒకటుంది, మెయింటెనెన్స్ ధర కట్టడం. ఏడాది రాబడి 20 లక్షలు దాటిన సంఘాల్లో ఒక్కో ఫ్లాటు నెలకు 7,500 మించి కడితే 18 శాతం జీఎస్టీ పడుతుంది. అందుకని బాటా చెప్పుల ధరలాగా 7,499 దగ్గర ఆపారు. బాగుంది. ఆ పైన కావలసినది ‘స్పెషల్ కలెక్షన్’ అంటూ మూడు నెలలకోసారి అడుగుతున్నారు. పన్నువాళ్ల సంగతి ఏమో గానీ, మా ఇంట్లో ఎవరూ మోసపోవడం లేదు.

2024 మార్చి గుర్తుందా? బోర్లు ఎండిపోయి బెంగళూరు సగం ట్యాంకర్ల వెంట పరిగెత్తింది. తాగే నీళ్లతో కారు కడిగితే 5,000 జరిమానా అంది జలమండలి. అయిదు కిలోమీటర్ల లోపు 12,000 లీటర్ల ట్యాంకరుకు 1,000 రూపాయలని జిల్లా అధికారులు రేటు కట్టారు. ఆ నెల మీరేం చేశారో మీటింగ్ మినిట్స్‌లో ఉంది: క్లబ్‌హౌస్‌కి కొత్త పేరు కోసం పోటీ పెట్టారు. మన మురుగునీటి శుద్ధి ప్లాంటు ఎస్టీపీలో శుద్ధయిన నీళ్లు ఫ్లష్‌లకీ తోటకీ రావాలి. అక్కడి మోటారు కాలిపోయింది కనుక, కొన్న ట్యాంకరు నీళ్లనే ఫ్లష్ చేశాం. క్లబ్‌హౌస్‌కి పేరు మాత్రం చక్కగా కుదిరింది.

అసలు సంగతికొస్తాను. బేస్‌మెంట్ గోడలోంచి నీరు కారుతోంది. వానాకాలంలో మూడో వరుస కార్లు బురదలో నానుతున్నాయి. ఇళ్లు కొన్నవాళ్లకు రక్షణగా వచ్చిన రెరా చట్టం ప్రకారం ఫ్లాటు అప్పగించినప్పటి నుంచి అయిదేళ్లలోపు కట్టడంలో లోపం బయటపడి, మనం వాళ్ల దృష్టికి తెస్తే, బిల్డరు ముప్పై రోజుల్లో తన ఖర్చుతో బాగు చేయాలి. మన అయిదేళ్లు వచ్చే సంక్రాంతికి నిండుతాయి. గోడ కారడం మొదలైనప్పటి నుంచి మీరు బిల్డరుకు రాసింది ఒకే ఒక్క ఉత్తరం. అది కూడా ‘మీ అమూల్య సమయాన్ని వృథా చేస్తున్నందుకు క్షమించండి’ అంటూ మొదలవుతుంది. వడియాలకు మూడు సర్క్యులర్లు, గోడకు ఒక క్షమాపణ. గడువు దాటితే ఆ గోడ ఖర్చు పెద్ద రిపేర్ల కోసం దాచుకున్న కార్పస్ ఫండ్‌లోంచే పోతుంది. ఆ ఫండ్ మన అందరిదీ.

మీదంతా జీతం లేని చాకిరీ అని నాకు తెలుసు. ట్రెజరర్ గారు ఆఫీసు నుంచి వచ్చి అర్ధరాత్రి దాకా బిల్లులు సరిచూస్తారు. ఆయన్ని ఈ ఉత్తరం నుంచి మినహాయిస్తున్నాను. జనరల్ బాడీ మీటింగుకి మేమెవరం రామనీ తెలుసు. కోరం, అంటే కావలసినంత మంది, లేదని అరగంట వాయిదా వేసి, ఆ వచ్చిన పదిమందితోనే మళ్లీ ‘ఏకగ్రీవం’ అనిపించుకుంటారు. రానివాళ్లకు అడిగే హక్కు లేదని సెక్రటరీ గారు లిఫ్టులో అన్నారు. మెయింటెనెన్స్ మాత్రం రానివాళ్లు కూడా కడుతున్నారండీ.

కాబట్టి నాదొకటే విన్నపం. నాలుగో సర్క్యులర్ రాయబోతున్న ఆ చేత్తోనే బిల్డరుకు నోటీసు రాయండి. ఫొటోలు జత చేయండి, రిజిస్టర్డ్ పోస్టులో పంపండి, రసీదు దాచండి. ఇంజనీరుతో ఓ రిపోర్టు రాయించండి. దానికి స్పెషల్ కలెక్షన్ అడిగితే నేనే ముందు కడతాను.

ఇట్లు,
బి బ్లాక్ నివాసి

తా.క.: ఈ ఉత్తరం నోటీసు బోర్డుకు అంటించాలంటే మీ అనుమతి కావాలట. అనుమతి ఫారం అడిగితే, ముందు యాప్‌లో టికెట్ పెట్టమన్నారు. పెట్టాను. నిమిషంలో ‘రిజాల్వ్‌డ్’ అని మెసేజ్ వచ్చింది.