సెషన్ పోతే పోయింది, నింపిన ఫారం ఎందుకు పోవాలి?

ఆన్‌లైన్ అప్లికేషన్లు తయారుచేసే మన డెవలపర్లందరికీ ఒక ప్రశ్న. సెషన్ టైమవుట్ (లాగిన్ అయ్యాక కాసేపు ఏమీ నొక్కకపోతే సైట్ మనల్ని బయటికి పంపేసే గడువు) పెట్టుకోండి, పది నిమిషాలే పెట్టుకోండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ మనిషి అంతసేపు కూర్చుని కొట్టిన వివరాలు కూడా దాంతోపాటు ఎందుకు ఎగిరిపోతున్నాయి?

ఏదైనా నోటిఫికేషన్‌కి ఆఖరి తేదీ రోజు నెట్ సెంటర్‌లో ఓ అరగంట నిలబడండి. హాల్ టికెట్ నంబరు, కుల ధ్రువపత్రం నంబరు, ఇంటర్ మార్కులు అన్నీ కొట్టాక ఫొటో దగ్గర బండి ఆగుతుంది. సైజు 50 కేబీ దాటకూడదట. సెంటర్ అబ్బాయి దాన్ని తగ్గించే పనిలో ఉండగా వెనక నుంచి ఎవరో జిరాక్స్ అడుగుతారు. తిరిగొచ్చి సబ్మిట్ నొక్కితే ‘సెషన్ ఎక్స్‌పైర్డ్’. మళ్లీ లాగిన్, మళ్లీ ఓటీపీ. ఆ ఓటీపీ వచ్చే ఫోనేమో ఇంట్లో నాన్న దగ్గర. ఎలాగో లోపలికి వెళ్తే డబ్బాలన్నీ ఖాళీ. “మళ్లీ మొదట్నుంచి కొట్టాలా అన్నా?”

ఇదేంటని అడిగితే “సెక్యూరిటీ సార్” అంటారు. చాలాచోట్ల అది సెక్యూరిటీ కాదు, ఎవరూ ముట్టుకోని డిఫాల్ట్, అంటే సాధనంతోపాటే వచ్చే గడువు. వెబ్‌సైట్లు నడిపే సాధనాల్లో చూడండి: పీహెచ్‌పీలో 1440 సెకన్లు, అంటే 24 నిమిషాలు. టామ్‌క్యాట్‌లో 30 నిమిషాలు. జాంగోలో ఏకంగా రెండు వారాలు. లెక్కించే తీరు ఒక్కోదానిలో ఒక్కోలా ఉంటుందనుకోండి. అయినా సాధనం మారితే మారిపోయేది భద్రతా విధానం ఎలా అవుతుంది?

అసలు బ్రౌజర్, సర్వర్ మాట్లాడుకునే పద్ధతి హెచ్‌టీటీపీకి జ్ఞాపకం లేదు. ఒక క్లిక్‌కీ తర్వాతి క్లిక్‌కీ మధ్య మనమెవరో మర్చిపోతుంది. అందుకే 1994లో నెట్‌స్కేప్‌లో లూ మాంటుల్లీ కుకీ తెచ్చాడు. గుడి బయట చెప్పుల స్టాండులో ఇచ్చే టోకెన్ లాంటిది. నంబరు మన బ్రౌజర్ దగ్గర, సరుకు సర్వర్ దగ్గర. ఆ సరుకులో ‘ఈయన లాగిన్ అయ్యాడు’ అన్న సమాచారం ఉంటే చాలు. మనవాళ్లు సగం నింపిన ఫారాన్ని కూడా అక్కడే పడేస్తారు. సెషన్‌తోపాటు అదీ పోతుంది. పేజీ మారినప్పుడల్లా అభ్యర్థి ఐడీ మీద డేటాబేస్‌లో డ్రాఫ్ట్‌గా సేవ్ చేస్తే ఈ గొడవే లేదు. తిరిగి లాగిన్ అయితే ఆపిన చోటే తెరుచుకుంటుంది. (ఆ డ్రాఫ్ట్‌ని బ్రౌజర్ లోకల్ స్టోరేజ్‌లో మాత్రం పెట్టకండి. నెట్ సెంటర్ సిస్టమ్ అది, అభ్యర్థి ఆధార్ నంబరు తర్వాత కూర్చునేవాడికి దొరుకుతుంది.)

ఇంకో రకం ఉంది. రద్దీ ఎక్కువైందని సర్వర్లు పెంచుతారు, సెషన్లు మాత్రం ఒక్కో సర్వర్ మెమరీలోనే ఉంచుతారు. మొదటి క్లిక్ ఒక సర్వర్‌కి, రెండోది ఇంకోదానికి వెళ్తుంది. దానికి మీరెవరో తెలీదు, పొమ్మంటుంది. గడువు తీరలేదు, ఏమీ లేదు, మెసేజ్ మాత్రం అదే! రెడిస్ లాంటి ఉమ్మడి చోట సెషన్లు పెట్టాలన్నది కొత్త సంగతేం కాదు.

పోనీ, ఇంత సెక్యూరిటీ మాట్లాడేవాళ్లు అసలు పని చేస్తారా? లాగౌట్ నొక్కితే బ్రౌజర్‌లో కుకీ తీసేసి ఊరుకుంటారు, సర్వర్‌లో సెషన్ బతికే ఉంటుంది. లాగిన్ అవగానే సెషన్ ఐడీ (ఆ టోకెన్ నంబరు) మార్చాలి, పీహెచ్‌పీలో అది ఒక్క లైను, అదీ రాయరు. కుకీకి హెచ్‌టీటీపీ ఓన్లీ (పేజీలోని స్క్రిప్టులకు కనపడకుండా), సెక్యూర్ (ఎన్‌క్రిప్ట్ అయిన కనెక్షన్‌లోనే వెళ్లేలా) అని పెట్టరు. 2010లో ఫైర్‌షీప్ అనే ఫైర్‌ఫాక్స్ ఎక్స్‌టెన్షన్ వచ్చింది. అప్పట్లో ఓపెన్ వైఫైలో పక్కవాళ్ల ఫేస్‌బుక్, ట్విట్టర్ సెషన్లలోకి ఒక క్లిక్‌తో దూరిపోవచ్చని దాంతో అందరికీ తెలిసింది. కుకీ చేతిలో పడ్డాక దొంగకి పది నిమిషాలు చాలు. మీ టైమవుట్‌తో చిక్కేది ఫొటో సైజు తగ్గించుకునే అమ్మాయే.

వెబ్‌సైట్లు అందరూ వాడగలిగేలా ఎలా ఉండాలో చెప్పే ప్రమాణాలు డబ్ల్యూసీఏజీ. 2008లో వచ్చిన దాని 2.0 వెర్షన్‌లోనే టైమవుట్ గురించి ఉంది. టైం అయిపోయే ముందు హెచ్చరించాలి, పొడిగించుకోవడానికి కనీసం 20 సెకన్లు ఇవ్వాలి. ఇంకా పై స్థాయికి వెళ్తే, మళ్లీ లాగిన్ అయ్యాక డేటా పోకుండా పని కొనసాగాలి.

టెస్టింగ్ చేసేవాళ్లకి నాదో మనవి. ఫారం సగం నింపి టీకి వెళ్లండి. అరగంట తర్వాత వచ్చి సబ్మిట్ నొక్కండి. డబ్బాలు ఖాళీగా కనిపిస్తే బగ్ రాయండి. ‘వర్కింగ్ యాజ్ డిజైన్డ్’ (మేం చేసిందే అలా) అని క్లోజ్ చేస్తే మళ్లీ ఓపెన్ చేయండి.